శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఇద్దరి ఒకరోజు షికారు: ఏ నెలలో, ఏ వేళకు, ఎటు

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న ఇద్దరు ఆదివారం ఎటైనా వెళ్దామనుకుంటే ముందు పుట్టే ప్రశ్న "ఎంత దూరం?" అన్నది. దానికన్నా "అక్కడికి ఏ వేళకు చేరతాం?" అన్నది తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. సాలిహుండం శ్రీకాకుళానికి 20 కిలోమీటర్ల లోపే ఉంది. ఏప్రిల్‌లో పది దాటాక చేరితే ఆ రాతి మెట్ల మీద పావుగంట నిలబడలేరు. బారువ వంద కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారకముందే బయల్దేరితే ఎండ ముదరకముందే ఇసుకలో ఉంటారు.

కిలోమీటర్లను గంటల్లోకి మార్చుకునే లెక్క ఇది: జాతీయ రహదారి 16 మీద గంటకు 60, మండలాల మధ్య రోడ్ల మీద 35, ఘాట్‌లో 25. అంతకన్నా తొందరగా వెళ్ళొచ్చు గానీ ప్లాను మాత్రం ఈ లెక్కతోనే వేయండి. శ్రీకాకుళం నుంచి శ్రీముఖలింగం 46 కిలోమీటర్లే అయినా గంటకు పైగా పట్టేది అందుకే. పొద్దు సంగతీ చూడాలి. డిసెంబరు మొదట్లో ఇక్కడ సాయంత్రం 5:20కే సూర్యుడు దిగిపోతాడు. జూన్‌లో ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది. చలికాలంలో "నాలుగింటికి తిరుగు ప్రయాణం" అనుకున్నవాళ్ళు ఘాట్‌లో సగం దూరం చీకట్లోనే దిగుతారు.

కొండ ఎక్కాలంటే: సాలిహుండమా, రామతీర్థమా

ఇద్దరిలో ఒకరికి నడక అలవాటు లేకపోతే సాలిహుండమే. వంశధార దక్షిణపు ఒడ్డున చిన్న కొండ, పైదాకా మెట్ల దారి. ఆగుతూ ఎక్కినా అరగంట. దారికి అటూ ఇటూ ఇటుక స్తూపాలు, చైత్యగృహాల (బౌద్ధుల ప్రార్థనా మందిరాల) పునాదులు వస్తూనే ఉంటాయి కాబట్టి ఆగడానికి ప్రతిసారీ ఒక కారణం దొరుకుతుంది. 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. క్రీస్తుపూర్వం నుంచి వెయ్యేళ్ళకు పైగా ఇక్కడ బౌద్ధం నిలిచింది. తారా, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు ఇక్కడ దొరికినవే, చివరి దశలో వజ్రయానం, అంటే బౌద్ధంలోని తాంత్రిక శాఖ, ఉందనడానికి అవే ఆధారం. పైనుంచి చూస్తే నది వంపు, కొబ్బరితోటలు, దూరంగా సముద్రపు గీత కనిపిస్తాయి. కొండ మీద నీడ దాదాపు లేదు, తాగునీరు లేదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం తొమ్మిది లోపల, మిగతా నెలల్లో ఏడున్నర లోపల ఎక్కడం పూర్తిచేయాలి.

రామతీర్థం విజయనగరానికి 12 కిలోమీటర్లు, నెల్లిమర్ల మండలం. ఇక్కడ ఒక్క కొండ కాదు: బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ. మూడూ ఒకే పూట అనుకోవద్దు, ఒకటి ఎంచుకోండి. గుడి, జనం, మెట్లు కావాలంటే బోధికొండ. పైన కోదండరాముడి ఆలయం ఉంది. బౌద్ధ శిథిలాలు, నిశ్శబ్దం కావాలంటే గురుభక్తులకొండ. మా ఓటు గురుభక్తులకొండకే. అక్కడ మనుషులు తక్కువ కాబట్టి ఒంటరిగా కాకుండా ఇద్దరూ కలిసే కదలండి, కిందివాళ్ళకి చెప్పి ఎక్కండి. దిగడమే అసలు పరీక్ష. బండరాయి మీద ఇసుక రేణువులు ఉంటాయి, చెప్పులు జారేది అక్కడే. అడుగున గాట్లు ఉన్న బూట్లు కావాలి, బాగా అరిగిన స్పోర్ట్స్ షూ కూడా పనికిరాదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన ఆగిన మర్నాడు బండ మీద పచ్చని పాచి ఉంటుంది. ఆ రోజు ఎక్కకపోవడమే మంచిది.

రామతీర్థంలో ఇంకో సౌకర్యం ఉంది. ఒకరు ఎక్కుతుంటే రెండోవారు కింద రాములవారి గుడి దగ్గర, చెరువు గట్టున నీడలో కూర్చోవచ్చు. భీష్మ ఏకాదశికి, శివరాత్రికి మాత్రం అటు వెళ్ళకండి. జనసంద్రంలో కొండ కనిపించదు.

సాలిహుండం ఒక్కదానితో రోజు నిండదు. దాన్ని శ్రీకూర్మం, కళింగపట్నాలతో కలిపితే ఈ రెండు జిల్లాల్లో ఇంతకన్నా నిండైన ఒకరోజు ప్రయాణం లేదు. మూడూ నదికి ఇవతలి ఒడ్డునే, గార మండలం చుట్టుపక్కలే. వరుస మాత్రం తప్పకూడదు: ముందు కొండ, తర్వాత గుడి, చివర సముద్రం. చాలామంది దారిలో ముందు తగులుతుందని శ్రీకూర్మంలో ఆగి, దర్శనం అయ్యేసరికి తొమ్మిదిన్నర చేసుకుని, మండుటెండలో కొండ ఎక్కుతారు. తెల్లవారగానే నేరుగా సాలిహుండం వెళ్ళి, ఎనిమిదిన్నరకి దిగి, టిఫిన్ చేసి, తొమ్మిదిన్నరకి శ్రీకూర్మంలో ఉండండి. మధ్యాహ్నం గుడి మూస్తారు కాబట్టి ఆ వేళ సరిపోతుంది. అక్కడ గర్భాలయంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను సంరక్షిస్తున్నారు. వాటిని చేత్తో ఎత్తకండి. భోజనం తర్వాత ఎండ తగ్గేదాకా శ్రీకాకుళం వచ్చి విశ్రాంతి తీసుకున్నా తప్పులేదు, సముద్రానికి నాలుగున్నరకి వెళ్తే చాలు. ఆదివారం ఇదే దారికి అరసవల్లిని కలపకండి. సూర్యనారాయణస్వామికి ఆదివారం ప్రత్యేకం, క్యూలోనే పూట గడుస్తుంది. మార్చి రెండో వారంలో, అక్టోబరు తొలి రోజుల్లో కిరణాలు స్వామి పాదాలను తాకే ఉదయాలకైతే రద్దీ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

సముద్రం: కళింగపట్నం, బారువ, చింతపల్లి

సాయంత్రం రెండు గంటలు చాలనుకుంటే కళింగపట్నం. పాత రేవు, లైట్‌హౌస్, వంశధార సముద్రంలో కలిసే చోటు. చూడముచ్చటైన ఆ సంగమమే ఇక్కడ ప్రమాదకరం కూడా. నది మొగ దగ్గర ఇసుక అంచు పైకి గట్టిగా కనిపిస్తుంది. అడుగున నీరు కోసేస్తూ ఉంటుంది, మనిషి బరువు పడగానే విరుగుతుంది. అంచుకు పది అడుగులు ఇవతలే నిలబడండి. ఫొటో కోసమైనా సరే.

ఈ తీరమంతటా ఈత వద్దనే చెబుతాం. అలలు వరసగా విరుగుతున్నప్పుడు మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా నీరు ప్రశాంతంగా, కాస్త మట్టిరంగులో ఉంటుంది. కొత్తవాళ్ళు లోతు తక్కువనుకుని దిగేది సరిగ్గా అక్కడే. ఒడ్డుకు వచ్చిన నీరంతా వెనక్కి పోయే కాలువ అది. అందులో చిక్కితే ఒడ్డువైపు ఈదితే అలసిపోతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈదాలి, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగాలి. ఒడ్డున ఉన్న రెండోవారు నీళ్ళలోకి దూకకూడదు. తాడో, ఖాళీ నీళ్ళ డబ్బానో విసిరి, వలల దగ్గరున్న మత్స్యకారులను కేకేయాలి. మోకాలి లోతు దాటకపోతే ఇవేవీ అక్కర్లేదు.

బారువ రోజంతా పెట్టుకుని వెళ్ళాల్సిన చోటు. మహేంద్రతనయ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది, వెనక కొబ్బరితోటలు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్లను తెచ్చి కంచె లోపల పాతిపెట్టి కాపాడతారు, సుమారు 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఆ నెలల్లో చీకటిపడ్డాక తీరంలో టార్చి, ఫోను లైటు, ఫ్లాష్ వెయ్యకూడదు. పిల్లలు సముద్రం మీది మెరుపును పట్టుకుని నడుస్తాయి, మన లైటు వాటిని గట్టువైపు తిప్పేస్తుంది. బారువతో పాటు మందస చేర్చుకోవచ్చు: వాసుదేవస్వామి గుడి చూసి, మందస కోవా కొనుక్కుని, పలాసలో జీడిపప్పు తీసుకుని తిరగండి. జీడిపప్పు కొనేటప్పుడు ఒక గింజ విరిచి చూడండి. టక్కుమని విరిగితే మంచిది, వంగితే చెమ్మ పట్టినట్టు. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడితోటల మధ్య దారుల్లో తెల్లవారుజామున, మునిచీకటి వేళ నడవద్దు. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, జీడిమామిడి పళ్ళు, పనసపళ్ళు ముగ్గే రోజుల్లో మరీను.

విజయనగరం వాళ్ళకి దగ్గరిది పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి. రాళ్ళు, లైట్‌హౌస్, పడవలు. గంటలోపు చేరిపోవచ్చు. ఫొటోలకు మూడింటిలోనూ ఇదే బాగుంటుంది, కూర్చుని గడపడానికి కళింగపట్నం, నడవడానికి బారువ. ఏ తీరానికైనా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం ఉంటుందని గుర్తుపెట్టుకోండి. తాజా చేపల కోసమే వెళ్ళేవాళ్ళు ఆ రెండు నెలలు ఆగడం మేలు.

గెడ్డలు, జలాశయాలు

తాటిపూడి, పుణ్యగిరి రెండూ విజయనగరం వాళ్ళవే అనుకోవచ్చు. శ్రీకాకుళం నుంచి వెళ్తే సగం రోజు రోడ్డు మీదే పోతుంది. పుణ్యగిరి ఎస్.కోట (శృంగవరపుకోట) ఊరికి నాలుగైదు కిలోమీటర్లు. కొండ మీద శివాలయం, పక్కనుంచి దిగే ధార. ఆగస్టు చివర నుంచి నవంబరు దాకా నీరు నిండుగా ఉంటుంది, మార్చి తర్వాత వెళ్తే ధార సన్నబడి నిరాశపడతారు. తాటిపూడి గోస్తనీ మీద కట్టిన జలాశయం, చుట్టూ కొండలు. వేసవిలో నీటిమట్టం తగ్గినా సాయంత్రాలు అక్కడే బాగుంటుంది. అందుకే వర్షాకాలం తర్వాత పుణ్యగిరి, వేసవిలో తాటిపూడి. బోటు ఎక్కే ముందు లైఫ్ జాకెట్ అడగండి, ఇచ్చినదాన్ని భుజాన వేసుకోకుండా బకిల్ బిగించుకోండి. గాలి లేస్తే బోట్లు ఆపేస్తారు కాబట్టి మధ్యాహ్నం మబ్బు పట్టకముందే వెళ్ళడం నయం.

శ్రీకాకుళం వాళ్ళకి జలపాతం అంటే సీతంపేట వైపు మెట్టుగూడ. పాలకొండ మీదుగా వెళ్ళాలి. బయల్దేరే ముందు ఒక్క విషయం కనుక్కోండి, ఏనుగులు ఎటున్నాయని. సీతంపేట, భామిని, గరుగుబిల్లి వైపు అడవి ఏనుగులు తిరుగుతూ ఉంటాయి. అటవీ సిబ్బందిని గానీ దారిలో ఊళ్ళవాళ్ళని గానీ అడిగితే చెబుతారు. రోడ్డు మీద కనిపిస్తే హారన్ కొట్టకుండా, దూరంగా ఆపి, వెనక్కి తిరగాలి. సెల్ఫీ మాట తలవద్దు.

జలపాతం ఏదైనా సరే, పైన కొండల్లో వాన పడితే కింద ఎండగా ఉన్నా గెడ్డ (కొండవాగు) ఉబుకుతుంది. తేటగా ఉన్న నీరు ఒక్కసారి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కండి. సామాను కోసం వెనక్కి వెళ్ళొద్దు.

కార్తీక మాసం ఆదివారాలు, కనుమ మర్నాడు ఈ చోట్లన్నీ వనభోజనాలతో నిండిపోతాయి. ఏకాంతం కోరుకునే జంట ఆ రోజుల్లో శ్రీముఖలింగం వైపు వెళ్ళాలని కూడా అనుకోవద్దు, కార్తీకంలో శివాలయం కదా. ఆ గుడి చూడాలంటే డిసెంబరు చివర్లోనో జనవరిలోనో మామూలు వారపు రోజున వెళ్ళండి. తూర్పు గంగుల రాజధాని కళింగనగరం అదేనంటారు. మధుకేశ్వరుడి గోడల శిల్పం ఉదయపు ఏటవాలు వెలుగులోనే కనిపిస్తుంది, నడినెత్తిన సూర్యుడుంటే గీతలన్నీ చదునైపోతాయి. మధుకేశ్వరం ఒక్కటే చూసి వచ్చేయకండి, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు నడిచేంత దూరంలోనే ఉన్నాయి. సోమేశ్వరం శిఖరం ముందు కాసేపు నిలబడండి.

పక్షుల కోసం

టెక్కలి మండలం తేలినీలాపురం, ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి. పేర్లు దగ్గరగా ఉన్నా కాలాలు వేరు. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరులో మొదలై మార్చి దాకా ఉంటాయి, ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు. తేలుకుంచికి నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు జూన్‌లో వచ్చి నవంబరుకి వెళ్ళిపోతాయి. కాబట్టి వర్షాకాలంలో తేలుకుంచి, చలికాలంలో తేలినీలాపురం. శ్రీకాకుళం నుంచి తేలినీలాపురం 65 కిలోమీటర్ల లోపు, తేలుకుంచి దాదాపు 130. పక్షులకోసమే అయితే డిసెంబరు, జనవరిల్లో తేలినీలాపురం చాలు. అప్పటికి పిల్లలు గూళ్ళలో ఉంటాయి, తల్లులు నౌపడ చిత్తడి నేలల నుంచి చేపలు తెచ్చి పెడుతుంటాయి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది, లేదా సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర మంచి వేళలు. 8x42 బైనాక్యులర్ ఒక్కటుంటే ఇద్దరికీ సరిపోతుంది. 10x తెస్తే చెయ్యి వణుకు కూడా పదింతలు కనిపిస్తుంది. చెట్టు కింద నిలబడకండి, రెట్ట పడుతుంది, పైగా గూటిలో పిల్లలు బెదిరి జారిపడతాయి. రైల్లో వెళ్ళదలిస్తే నౌపడ జంక్షన్‌లో దిగి ఆటో పట్టుకోవచ్చు.

పెద్ద ప్రయాణం: బొర్రానా? మహేంద్రగిరా?

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు, ఒడిశాలో ఉంది. దారి మాత్రం మన వైపు నుంచే: నరసన్నపేట, పాతపట్నం, పర్లాకిమిడి. పర్లాకిమిడిలో ట్యాంకు నింపుకోవాలి, తర్వాత బంకు మీద ఆశ పెట్టుకోవద్దు. పైన భీముడు, కుంతి, ధర్మరాజు పేర్లతో రాతి గుళ్ళు, గాలి, గడ్డి మైదానం. శ్రీకాకుళం నుంచి పోనూరానూ రెండున్నర వందల కిలోమీటర్ల దాకా అవుతుంది, అందులో చివరి భాగం ఘాట్. ఉదయం ఐదుకు కదిలితేనే ఒకరోజులో అయ్యే పని. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల, పొగమంచు విడిచిన రోజున వెళ్ళాలి. మందస వైపు నుంచి నడక దారి ఉంది గానీ తోవ తెలిసిన స్థానికుడు లేకుండా ఇద్దరే వెళ్ళవద్దు.

మొదటిసారి పెద్ద ప్రయాణం చేసేవాళ్ళకి మేము చెప్పేది బొర్రా గుహలు. బొర్రా మీదుగా కిరండూల్ వెళ్ళే రైలు విజయనగరం రాదు, ఈ సంగతి తెలియక స్టేషన్‌కి వెళ్ళేవాళ్ళున్నారు. విశాఖలో బయల్దేరి కొత్తవలస, ఎస్.కోట మీదుగా కొండెక్కుతుంది. విజయనగరం నుంచి బండిమీద ఎస్.కోట వెళ్ళి, స్టేషన్‌లో పెట్టి, అక్కడ ఎక్కి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగండి. సొరంగాలు, వంతెనలు, లోయలు అన్నీ ఆ దారిలోనే. తిరుగు రైలు తరచూ ఆలస్యమవుతుంది కాబట్టి దిగేటప్పుడు జీపులో రోడ్డు దాకా వచ్చి ఎస్.కోట వైపు బస్సు పట్టుకోవడం మేలు. గుహ లోపల తడి మెట్లు, పైనుంచి చుక్కలు. గంట పడుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు సగం దాకా దిగి ఆగినా పెద్దగా పోగొట్టుకునేదేమీ లేదు, పైకప్పు వెడల్పు అక్కడినుంచే తెలుస్తుంది. బొర్రా దగ్గరి కటికి జలపాతం కూడా చూడాలంటే జీపు, నడక కలిపి మూడు గంటలు వేసుకోండి. రైలు రోజున రెండూ ఇమడవు, కటికి కావాలంటే సొంత బండిమీద వెళ్ళాలి.

సొంత బండి అయితే విజయనగరం నుంచి ఒకవైపు 75 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బైకు ఘాట్‌లో 35కి దిగుతుంది, నాలుగున్నర లీటర్లు వేసుకోండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే బరువంతా బ్రేకుల మీద పడుతుంది, కాలిన వాసన వచ్చాక అవి పట్టవు. గేర్లు లేని స్కూటరుకు ఇంజను పట్టు తక్కువ. ఇద్దరి బరువుతో దిగేటప్పుడు నాలుగైదు కిలోమీటర్లకోసారి పది నిమిషాలు ఆపి డ్రమ్ములు చల్లారనివ్వండి, నీళ్ళు పోయకండి. ఎక్కే బండికి దారి ఇవ్వాలి, ప్రతి మలుపులో హారన్. పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది, లోబీమ్ వాడండి.

పల్లె రోడ్ల మీద మరో ముప్పు ధాన్యం. నవంబరు నుంచి జనవరి దాకా వరి, వేసవిలో మొక్కజొన్న రోడ్డు మీదే ఆరబోస్తారు, అంచున రాళ్ళు పెడతారు. మునిమాపు వేళ అవి కనబడవు, గింజల మీద బ్రేకు వేస్తే బైకు పడుతుంది. పొద్దు వాలకముందే జాతీయ రహదారి ఎక్కేలా తిరుగు ప్రయాణం పెట్టుకోండి.

సంచిలో మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు, టార్చి, తువ్వాలు, పొడి సాక్సులు, సబ్బు. కొండల మీద, తీరాల్లో మరుగుదొడ్డి ఉంటుందనుకోవద్దు. రహదారి మీద బంకుల్లో, గుళ్ళ దగ్గర ఆగినప్పుడే పని చూసుకోవాలి. మరుగుదొడ్డి దొరకదని ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేసి వడదెబ్బ తెచ్చుకుంటారు. అందుకే ఆగే చోట్లను ముందే అనుకుని బయల్దేరండి. సరుగుడు తోటల్లో నిర్మానుష్యమైన మూలలకన్నా పడవలు, కుటుంబాలు ఉన్న వైపే కూర్చోండి, చీకటి పడేలోగా కదలండి.

తెల్లారి లేచేసరికి వాన పట్టుకుంటే కొండ, జలపాతం, బోటు అన్నీ మానుకుని, శ్రీకాకుళం వాళ్ళు పొందూరు, విజయనగరం వాళ్ళు బొబ్బిలి వెళ్ళవచ్చు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్న నూలు తీయడం చూస్తారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు, బొబ్బిలికి రైలు కూడా ఉంది. రెండు చోట్లా ఆదివారం, పండగపూట పని ఆగి ఉండొచ్చు కాబట్టి శనివారం ఉదయం పది తర్వాత వెళ్ళండి.